బాలకిష్టయ్య స్మారక నిర్మాణం

మా కూరగాయల మార్కెట్ వీధి చివర స్త్రీల కోసం కట్టిన మరుగుదొడ్లు వేసవి ముదరక ముందే పూర్తయ్యాయి. గులాబీరంగు గోడలు, నున్నని తెల్లపలకల నేల, పైన నీళ్ళట్యాంకు, లోపలినుంచి గట్టిగా పడే గడియలు. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన కట్టడం ఇంత మర్యాదగా ముగియడం నేను అరుదుగా చూశాను. గుత్తేదారు గడువుకన్నా ముందే పని అప్పగించి వెళ్ళిపోయాడు. తరువాత జరిగిన అనర్థమంతటికీ మూలం ఆ మనిషి సమయపాలనే.

తలుపుకు తాళం పడింది. తీయలేదు.

కారణం చెప్పాలంటే ముందు మా వార్డు కమిటీని పరిచయం చేయాలి. నెలకొకసారి వార్డు ఆఫీసు పైఅంతస్తులో కూడుతుంది. కార్పొరేటర్ భానుప్రకాశ్ అధ్యక్షుడు. రైల్వేలో గార్డుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మధుసూదన్ సభ్యులందరిలోకీ గట్టి గొంతు గలవాడు. రిచర్డ్ గారు మునిసిపల్ అధికారి. మినిట్స్ రాస్తారు, తాళంచెవులు దాస్తారు. నేను వృద్ధుల తరఫున నామినేటయిన సభ్యురాలిని. సివిల్ కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైన దానిని కనుక, ఎవరైనా అబద్ధం చెబితే ముఖం చూసి కాక వాక్యం చూసి పట్టుకోవడం నాకు అలవాటు.

మా కమిటీకి ఒక ఆచారముంది. ఎజెండాలో అంశాలు ఒక్కొక్కటే నింపాదిగా చర్చకు వస్తాయి. ఇంతలో కింది ఇరానీ హోటలు నుంచి చాయ్ వస్తుంది. చాయ్ బల్లమీదికి రాగానే మిగిలిన అంశాలన్నింటినీ ఒకేసారి బల్ల చరిచి ఆమోదిస్తారు. చల్లారిన చాయ్ తాగలేము కదా.

చలికాలంలో జరిగిన ఒక సమావేశానికి నేను వెళ్ళలేదు. కంటికి శుక్లం తీయించుకుని ఇంట్లో ఉన్నాను. ఆ రోజు చాయ్ వేళకు ఒక తీర్మానం వచ్చింది. అప్పట్లో వార్డులో కమ్యూనిటీ హాలు కడుతున్నారు. దానికి తన తండ్రి కీర్తిశేషులు బాలకిష్టయ్య గారి పేరు పెట్టాలని భానుప్రకాశ్ మనసు. అయితే హాలు స్థలం తమదేనని ఒకాయన అప్పటికే కోర్టు మెట్లెక్కి ఉన్నాడు. హాలు అని రాస్తే ఆయన ఇంకో పిటిషన్ వేస్తాడని రిచర్డ్ గారు భయపడ్డారు. అందుకని తెలివిగా ఇలా రాశారు: "ఇకమీదట ఈ వార్డులో మొట్టమొదట ప్రారంభమగు ప్రజా నిర్మాణమునకు కీ.శే. బాలకిష్టయ్య గారి పేరు పెట్టవలెను." అందరూ బల్ల చరిచారు. చాయ్ తాగారు.

తరువాత కోర్టు హాలు నిర్మాణంపై స్టే ఇచ్చింది. హాలు స్తంభాల దగ్గరే ఆగిపోయింది. ఈలోగా ఆ సమయపాలన గల గుత్తేదారు మరుగుదొడ్లు పూర్తిచేశాడు.

ఇక వార్డులో మొట్టమొదట ప్రారంభం కావలసిన ప్రజా నిర్మాణం ఏదో పిల్లలకు కూడా అర్థమైంది. ఒక్క భానుప్రకాశ్‌కు మాత్రం అర్థం కానట్టు ఉండవలసి వచ్చింది. ఎప్పుడడిగినా మోటారు బిగించాలనీ, కరెంటు మీటరు రావాలనీ చెప్పేవాడు. మోటారు బిగించారు. మీటరు కూడా వచ్చి గోడకెక్కింది. తాళం మాత్రం ఊడలేదు.

*

నేను కూరగాయలు రాజులమ్మ దగ్గర కొంటాను. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి మౌలాలిలో స్థిరపడిన కుటుంబం ఆమెది. తెల్లవారక ముందే ఆటోలో సరుకు దింపుకుని, ఆ గులాబీరంగు గోడలకు సరిగ్గా ఎదురుగా గోనెపట్టా పరుచుకుంటుంది. తూకం విషయంలో నాకన్నా కఠినురాలు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు అంత సులువు కాదు.

ఆ రోజు బెండకాయలు ఏరుతూ ఆమె ముఖం చూశాను. పెదవులు తెల్లబారి ఉన్నాయి.

"ఏమిటి రాజులమ్మా, అలా ఉన్నావు?"

"ఏటీ నేదమ్మగారూ. ఎండ."

"నీళ్ళు తాగు మరి."

"తాగితే ఎల్లాల కదా," అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"రైల్వే స్టేషన్లో మరుగుదొడ్డి ఉంది కదా?"

"ఆ రోడ్డు దాటి, ఆ లైన్లో నిలబడి, తిరిగొచ్చీసరికి నా జాగాలో ఇంకోడు కూకుంటాడమ్మా. లెగమంటే లెగుతాడేటి?" గొంతు తగ్గించింది. "పొద్దున్న ఇంటికాడ ఎల్లీసి వొస్తాను. మల్లీ ఇంటికెల్లీదాకా నీల్లు ముట్టను. డాట్రుబాబు తిట్టీసినాడు. రెండుమార్లు జొరమొచ్చీసింది. ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయన్నాడు. మా కోడలు ఈ నెలతో యాపారం మానీమంటంది."

"మానేస్తావా?"

"మానీస్తే ఇంకేటుంది. జాగా పోద్ది. ఒకపాలి పోతే మల్లీ రాదు. కోడలింట్లో మూల కూకోవాల, టీవీ సూసుకుంటా." టీవీ అనే మాటను ఆమె యావజ్జీవ శిక్ష అన్నంత బరువుగా పలికింది.

నేను ఎదుటి గోడలకేసి చూశాను. ఆమె కూడా చూసి నవ్వింది.

"ఆ బాలకిష్టయ్య బాత్రూమా? అది తలుపు తియ్యని గుడమ్మా. ఇక్కణ్ణించే దండం ఎట్టుకుంటన్నాం."

అప్పటికే మార్కెట్ దానికి పేరు పెట్టేసింది. తీర్మానాన్ని అమలు చేయడంలో ప్రజలు ప్రభుత్వం కన్నా ఎప్పుడూ ముందే ఉంటారు.

"వచ్చే సమావేశానికి నాతో రా," అన్నాను. "ఈ మాటే అక్కడ చెప్పు. మిగిలినది నేను చూసుకుంటాను."

"నాను సెప్పాలా? అంతమంది మొగోల్ల ముందరా?"

"నీ హక్కు నువ్వే అడగాలి."

హక్కు అనగానే ఆమె భయపడింది. అయినా, నా మాట తీసేయలేక ఒప్పుకుంది.

*

ఆ నెల సమావేశాన్ని నేను కావాలనే ఎంచుకున్నాను. మా కమిటీలో ప్రతి సమావేశమూ ఎవరికో ఒకరికి శాలువా కప్పడంతో మొదలవుతుంది. వార్డులో శాలువా పడని భుజాలు దొరకడం కష్టమైపోయి, ఏప్రిల్‌లో ఒకాయనకు రెండోసారి కప్పారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఈసారి వంతు భానుప్రకాశ్ తల్లి కమలాబాయిది. తల్లి ఎదుట ఏ కొడుకూ అబద్ధం చెప్పలేడని నా నమ్మకం.

ఆ నమ్మకం తప్పని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు.

కమలాబాయిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, మండే మే నెలలో ఎర్రని ఉన్ని శాలువా కప్పారు. ఆమె చేతులు జోడించి, తరువాత కళ్ళు మూసుకుంది. చెవులు సరిగా వినబడవనీ, పెద్దావిడ అనీ అందరూ గౌరవంగా ఆమెను మరిచిపోయారు. మధుసూదన్ సన్మానపత్రం చదివాడు. అందులో ఆమె 'ప్రముఖ వ్యాపార కుటుంబపు కోడలు' అని ఉంది.

రెండో అంశం ముగియగానే నేను లేచాను.

"మార్కెట్ వీధిలో స్త్రీల మరుగుదొడ్లకు వేసిన తాళం ఎప్పుడు తీస్తారో అధ్యక్షులవారు సెలవివ్వాలి."

"మేడమ్, గది ఎజెండాల లేదు," అన్నాడు మధుసూదన్.

"ఆరో అంశం మార్కెట్ పారిశుద్ధ్యం. ఇది పారిశుద్ధ్యం కాకపోతే ఏమిటి?"

"ఆరోది వచ్చినప్పుడు మాట్లాడున్రి మరి."

"ఆరోది వచ్చేసరికి చాయ్ వస్తుంది. అందుకే ఇప్పుడు లేచాను."

ఎవరో నవ్వారు. భానుప్రకాశ్ కూడా నవ్వాడు. చెడ్డవాడు కాదతను. వాన పడితే లుంగీ ఎగగట్టి మురుగు మోరీల దగ్గర తానే నిలబడతాడు; అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అంబులెన్సు పంపిస్తాడు. నాన్న అనే మాట వస్తే మాత్రం అతని లెక్కలన్నీ మారిపోతాయి.

"మేడమ్, నేనెప్పుడన్న వద్దన్ననా? మంచి రోజు చూసి షురూ చేద్దాం. గిప్పుడు మూఢం నడుస్తుంది."

"మరుగుదొడ్డికి మూఢమేమిటండీ? ఆ అవసరం పంచాంగం చూసుకుని వస్తుందా?"

"జెర ఓపిక పట్టున్రి."

"పట్టేది నేను కాదు," అన్నాను. "మీరు ఆ మాట అనవలసినది మార్కెట్లో కూర్చున్న ఆడవాళ్ళతో. వాళ్ళు తెల్లవారినప్పటి నుంచీ అదే పని చేస్తున్నారు."

అసలు విషయాన్ని మధుసూదనే బయటపెట్టాడు. దాచిపెట్టిన విషయం చెప్పడంలో అతనికి ఒక ఆనందముంది.

"సాఫ్ చెప్పున్రి భానన్నా. దాన్ని తెరిస్తే నాయిన పేరు పెట్టాలె. తీర్మానం తీర్మానమే. పెట్టకపోతే నేనే అడుగుత."

"అయితే ఆ తీర్మానాన్ని రద్దు చేయండి," అన్నాను.

"ఎవరు ప్రతిపాదిస్తరు?"

'బాలకిష్టయ్య గారి పేరు తొలగించవలెను' అని కొడుకు ఎదుట ప్రతిపాదించే ధైర్యం ఎవరికుంటుంది? సభ్యులందరూ ఒక్కసారిగా పంకా వైపు చూశారు. అది ఎలా తిరుగుతోందో ఆ రోజే తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకు కలిగింది.

"నేను ప్రతిపాదిస్తున్నాను," అన్నాను.

"బలపరిచేది?" అన్నారు రిచర్డ్ గారు, కలం ఎత్తి.

ఎవరూ బలపరచలేదు. ప్రతిపాదన కింద పడింది. భానుప్రకాశ్ ముఖంలో నొప్పి కనబడింది.

"మా నాయిన పేరు తీసేసినమని మినిట్స్‌ల రాస్తే, అవుతలి పార్టీవాళ్ళు తెల్లారేసరికి ఫ్లెక్సీ కొడ్తరు మేడమ్. పెడ్తే మార్కెట్ నవ్వుతది. తీస్తే చుట్టాలు ఉమ్మేస్తరు. నేనేం చెయ్యాలె?"

"సర్, చిన్న సజెషన్," అన్నారు రిచర్డ్ గారు. "ముందు వేరే ఏదైనా చిన్న నిర్మాణం ప్రారంభిస్తే సరిపోతుంది కదా సర్? పేరు దానికి వెళ్ళిపోతుంది. తరువాత ఇవి ఫ్రీ."

నిజమే. న్యాయం ఏ దారిన వచ్చినా నాకు అభ్యంతరం లేదు కనుక నేను కూర్చున్నాను. అప్పుడు మొదలైంది అసలైన చర్చ. మా కమిటీ చరిత్రలో సభ్యులు ఇంత శ్రద్ధగా మాట్లాడిన రోజు లేదు.

"స్కూల్ ముంగట స్పీడ్‌బ్రేకర్ తయారుంది," అన్నాడొక సభ్యుడు.

"వద్దన్నా," అన్నాడు మధుసూదన్. "బాలకిష్టయ్య స్పీడ్‌బ్రేకర్ అని పెడ్తే, దాని మీదికెళ్ళి పోయే ప్రతోడు పెద్దమనిషిని తిట్టుకుంటనే పోతడు."

"పార్కుల సిమెంటు బెంచి?"

"కుక్కలు పండుకుంటయి."

"మోరీ మీద కొత్త స్లాబ్?"

"తొక్కుకుంట పోతరు."

"వీధి మొదట్ల స్వాగత తోరణం కడ్దాం," అని ఇంకొకాయన చేతులతో గాలిలో తోరణం గీశాడు. అందరికీ నచ్చింది. భానుప్రకాశ్ కళ్ళు మెరిశాయి. కానీ ఉల్లిగడ్డల లారీలు ఆ తోరణం కింద పట్టవని తేలింది. బాలకిష్టయ్య గారికి లారీ తగిలిందన్న మాట ఊహించడానికే ఎవరూ ఇష్టపడలేదు.

చివరకు భానుప్రకాశ్ బల్ల మీద చెయ్యి ఆనించాడు. "వద్దు. మనిషికి పేరు ఒక్కపారే పెడ్తరు. హాల్‌కే పెడ్దాం. స్టే పోయినంక హాల్ తెరుద్దాం, దాని వెనక బాత్రూంలు తెరుద్దాం."

"స్టే ఎప్పుడు పోతుందో నాకు తెలుసు," అన్నాను. "నేను కోర్టులో పనిచేశాను. మీ అబ్బాయి కార్పొరేటరయ్యాక పోతుంది. అప్పటిదాకా ఆ ఆడవాళ్ళు ఏం చేయాలి?"

"ఇన్నేండ్ల సంది ఏం చేస్తున్నరో గదే చేస్తరు మేడమ్."

క్రూరంగా అన్న మాట కాదది. ఎన్నడూ ఆలోచించవలసిన అవసరం రాని మనిషి అన్న మాట. అయినా నాకు ఒళ్ళు మండింది.

"సాక్షిని తెచ్చాను," అన్నాను. "రాజులమ్మా, లే. చెప్పు."

సన్మానం అయ్యాక వచ్చి, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న రాజులమ్మ లేచింది. మార్కెట్లో పోలీసువాడినైనా నిలబెట్టి కడిగే మనిషి, ఇక్కడ పమిటకొంగును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"చెప్పమ్మా, ఏం తక్లీఫ్ ఉంది?" అన్నాడు భానుప్రకాశ్, నిజంగానే దయగా.

ఆమె అతన్ని చూసింది. మధుసూదన్‌ను చూసింది. వరసగా కూర్చుని తనకేసి చూస్తున్న మగవాళ్ళందరినీ చూసింది. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోవడం నేను స్పష్టంగా చూశాను.

"ఏటీ నేదు బాబూ," అంది. "మార్కెట్ బాగానే ఉంది."

రిచర్డ్ గారు రాసుకున్నారు: 'వ్యాపారుల నుండి ఫిర్యాదులు లేవు.'

కోర్టులో సాక్షి అడ్డం తిరిగితే వకీళ్ళ ముఖాలు ఎలా మారేవో నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు నా ముఖం ఎలా ఉందో చూసేందుకు అద్దం లేకపోవడం మంచిదే అయింది.

"సరే, మూడో అంశం," అన్నాడు మధుసూదన్.

"రాజులూ."

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు ఎవరికీ తెలియలేదు. శాలువాలోంచి వచ్చింది. కమలాబాయి కళ్ళు తెరిచి ఉంది.

"రాజులూ, గిటు రావే. నువ్వేనా? గంత చిక్కిపోయినవేందే?"

రాజులమ్మ నోరు తెరిచింది. "కమలక్కా! నువ్వేటి ఇక్కడ? నీకేటి, ఇంత ఎండలో ఆ దుప్పటేటి?"

"సన్మానమట. రా, కూసో."

'ప్రముఖ వ్యాపార కుటుంబపు కోడలు' ఆ వీధిలోనే, రాజులమ్మకు పక్కనే, గోనెపట్టా మీద ఆకుకూరలు అమ్మేదన్న సంగతి గదిలో సగంమందికి అప్పుడే తెలిసింది. మిగతా సగానికి తెలిసినా, తెలియనట్టు ఉండే మర్యాద ఉంది. రాజులమ్మ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చుంది. కమలాబాయి వంగింది. ఇద్దరూ చెవిలో నోరు పెట్టి మాట్లాడుకున్నారు. మగవాళ్ళ ముందు రాని మాట అక్కడ ధారాళంగా వచ్చింది. కోర్టులో అయితే సాక్షి గట్టిగా చెప్పాలని నేనే హెచ్చరించేదాన్ని. ఇక్కడ నోరు మూసుకున్నాను.

"అమ్మా," అన్నాడు భానుప్రకాశ్, "మీటింగ్ నడుస్తుంది."

"ఎరుకే బిడ్డా. నాకు శాలువా కప్పింది మీటింగ్లనే గద." ఆమె నిటారుగా కూర్చుంది. "ఈమెకు జొరం ఎందుకొస్తుందో ఎరుకనా నీకు?"

"అమ్మా, ఆ ముచ్చట ఇంట్ల..."

"ఇంట్ల ఎందుకు? ఇంట్ల బాత్రూం ఉన్నది. లేని కాడ చెప్పాలె. మీ నాయిన పేరు పెడ్తే ఇజ్జత్ పోతదని తాళమేసినవట, నిజమేనా?"

ఆమె చెవులు సరిగా వినబడవన్న ప్రచారం ఎవరు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

"నేను ఆ గల్లీల తోటకూర, పాలకూర పెట్టుకోని పొద్దుగాల కూసుంటే మాపటికి లేస్తుంటి. నువ్వు కడుపుల ఉన్నప్పుడు సుత. మీ నాయిన నా పక్కనే కూసునెటోడు. ఆయనకు వస్తే లేచి, గోడ మూలకు పోయి, బీడి ముట్టించుకోని మల్లొచ్చెటోడు. రోజుకు నాలుగుసార్లు పోయెటోడు. మంచోడే. నాకు మల్లెపూలు తెచ్చెటోడు. సినిమాకు తోల్కపోయెటోడు. కానీ ఒక్కనాడు, ఒక్కనాడన్న, 'కమలా, నువ్వెక్కడికి పోతవే' అని అడిగిండా? అడగలే."

సభ్యులు ఈసారి పంకా వైపు కూడా చూడలేకపోయారు.

"అమ్మా, నాయిన... నిజంగ అడగలేదా?"

"అడగలే. నువ్వు ఇస్కూల్ విడువంగనే నా కాడికి ఉరికొస్తుంటివి. బోరింగు కాడ సీసల నీళ్ళు పట్టుకోని వచ్చి, తాగు అమ్మా తాగు అంటుంటివి. నేను ముట్టకపోతుంటి. నువ్వు అలిగి, ఆ నీళ్ళు కొత్తిమీర మీద పోసి పోతుంటివి. యాదికున్నదా?"

భానుప్రకాశ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్నికల సభల్లో అతను తల్లిదండ్రుల గురించి మాట్లాడగా నేను చాలాసార్లు విన్నాను. అప్పుడు గొంతు గద్గదమయ్యేది. ఇప్పుడు కళ్ళజోడు లేని కళ్ళతో తల్లి చేతులకేసి చూశాడు.

"నీకు ఎండ లెక్కనే కాదేమో అనుకున్న," అన్నాడు చివరికి, ఎవరితోనూ కాక తనలో తాను అనుకుంటున్నట్టు. "నీకు దూప కాదేమో అనుకున్న."

"దూప ఎందుకు కాదురా పిచ్చోడా." ఆమె గొంతు మెత్తబడింది. వెంటనే మళ్ళీ గట్టిపడింది. "పెట్టుండ్రి పేరు. పెద్ద అక్షరాలతోని పెట్టుండ్రి. బతికినన్ని దినాలు ఆయన అడగలే. ఇప్పుడు వచ్చే ఆడిదానికి, పోయే ఆడిదానికి దర్వాజ కాడ నిలబడి అడగనియ్. ఆయనకు గదే మంచి శిక్ష."

శిక్ష అన్న మాటకు రాజులమ్మ ఫక్కున నవ్వి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కమలాబాయి కూడా నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వుతుంటే ఆ గదిలో మగవాళ్ళందరూ వయసులో ఒక్కసారిగా చిన్నవాళ్ళయిపోయినట్టు కనబడ్డారు.

"అధ్యక్షా," అన్నాను, "కొత్త తీర్మానం అవసరం లేదు. ఉన్నదాన్ని అమలు జరిపితే చాలు."

"నేను బలపరుస్తున్న," అన్నాడు మధుసూదన్ హడావుడిగా. బలపరచవలసింది ఏమీ లేదని ఎవరూ అతనికి చెప్పలేదు. అతను చాలాసేపటి నుంచి ఏదో ఒకదానిని బలపరచాలని చూస్తున్నాడు.

భానుప్రకాశ్ రిచర్డ్ గారి వైపు చెయ్యి చాపాడు. "తాళంచెవి."

"సర్, ప్రోటోకాల్ ఉంటుంది కదా. ముందు బోర్డు రావాలి, ఆహ్వానపత్రికలు వేయాలి, ఎమ్మెల్యే గారి డేట్ తీసుకోవాలి..."

"రాజులూ," అంది కమలాబాయి, "కార్డు అచ్చయ్యేదాంక ఆగుతవా?"

"ఇంక ఆగలేనక్కా," అంది రాజులమ్మ. ఈ మాట చెప్పించడానికే నేను ఆమెను సభకు తెచ్చాను. ఇప్పుడు ఎంత స్పష్టంగా చెప్పిందంటే, వరండాలో నిలబడ్డ వాళ్ళకు కూడా వినబడింది.

రిచర్డ్ గారు బీరువా తీశారు.

*

సమావేశాన్ని వాయిదా వేసినట్టు ఎవరూ ప్రకటించలేదు. అందరూ లేచి మెట్లు దిగారు. మండుటెండలో భానుప్రకాశ్ తాళంచెవి పట్టుకుని ముందు నడిచాడు. వెనక ఎర్ర శాలువాతో కమలాబాయి, ఆమె చేయి పట్టుకుని రాజులమ్మ, వాళ్ళ వెనక నేను, నా వెనక వార్డు కమిటీ. మార్కెట్ లేచి దారి ఇచ్చింది. ఎవరో సొరకాయల వెనక నుంచి సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీయబోయారు. సాధారణంగా ఏ కెమెరా కనబడినా భుజం సర్దుకునే భానుప్రకాశ్, ఆ ఫోను మీద అరచేయి పెట్టి దించాడు.

"ఇది ప్రోగ్రాం కాదు. పో, నీ పని చూస్కో."

తాళం కొత్తది. వాడకపోవడం వల్ల బిగుసుకుంది. అతను రెండు చేతులతో తిప్పి తీశాడు. తలుపు తోసి పక్కకు తప్పుకున్నాడు. కమలాబాయి శాలువా తీసి అతని భుజం మీద వేసి, రాజులమ్మతో కలిసి లోపలికి వెళ్ళింది. లోపలి గదుల గడియలు పడిన చప్పుడు వినబడింది.

అప్పుడు మొదలైంది కమిటీవారి కష్టం. ప్రారంభోత్సవానికి వచ్చిన ఇంతమంది పెద్దమనుషులకు ఎటు చూడాలో తెలియలేదు. మధుసూదన్ వంకాయల ధర అడిగాడు. అతని ఇంట్లో వంకాయ ఎవరూ తినరు. ఇద్దరు సభ్యులు ట్రాన్స్‌ఫార్మరును పరీక్షించారు. భానుప్రకాశ్ ఒక్కడే కదలలేదు. గులాబీరంగు గోడకు వీపు పెట్టి, భుజాన శాలువాతో, చేతులు కట్టుకుని మార్కెట్ వైపు తిరిగి నిలబడ్డాడు. మునగకాడలు అమ్మే అమ్మాయి ఒకతె సందేహిస్తూ దగ్గరకు వచ్చింది. ఆగింది.

"అన్నా... మాక్కూడానా?"

"మీకే," అన్నాడు. "పో అమ్మా. ఎవ్వరేమన్న అంటే నాకు చెప్పు."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆమె వెనక ఇంకొకతె. గోనెపట్టాల మీద నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, పక్కవాళ్ళకు బుట్టలు అప్పగించి రావడం మొదలుపెట్టారు. మునిసిపల్ నిర్మాణమేదీ ఇంత త్వరగా ప్రజాదరణ పొందడం నేను చూడలేదు.

నీళ్ళ చప్పుడు వినబడింది. తరువాత నవ్వులు. వాటి మధ్య నుంచి కమలాబాయి గొంతు ఖంగుమంది.

"భానూ! తలుపుకు కొక్కెం లేదు బిడ్డా! సంచి యాడ తగిలియ్యాలె? నెత్తి మీద పెట్టుకోవాల్నా?"

భానుప్రకాశ్ రిచర్డ్ గారి వైపు చూశాడు.

"ప్రతి తలుపుకు కొక్కెం," అన్నాడు. "రాసుకోన్రి."

"ఎత్తు ఎంత పెట్టమంటారు సర్?"

భానుప్రకాశ్ కాసేపు ఆలోచించాడు. తనకు తెలియదని గ్రహించాడు. అప్పుడు దగ్గరగా వేసి ఉన్న బయటి తలుపు వైపు తిరిగి, మా వార్డు చరిత్రలో ఏ అధ్యక్షుడూ అడగని విధంగా, గొంతెత్తి అడిగాడు.

"ఎంత ఎత్తుల ఉండాలమ్మా?"

లోపల నుంచి ఒకేసారి అరడజను మంది జవాబు చెప్పారు.